ఊదుగొట్టం పక్కన పెట్టిన పని

కర్మలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక వదిన నన్ను పిలిపించి, ఆచారన్న పనిపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

"మా కొడుక్కు ఇవి అక్కర్లేదంట. ఆదోనిలో వాడు పనిచేసే అంగట్లో అంతా మిషన్ల మీదనే అతుకుతారంట. నీకు పనికొచ్చేది ఏమన్నా ఉంటే తీసుకోప్పా" అంది.

నేను ఎమ్మిగనూరులో మగ్గం నేసుకొని బతికేవాణ్ణి. కంసాలి పెట్టెలో నాకు పనికొచ్చేది ఏముంటుంది? అయినా ఒక్కొక్కటే తీసి చూశాను. కొన వంపు తిరిగిన ఇత్తడి ఊదుగొట్టం, దాని మూతి దగ్గర ఆయన పళ్ల గాట్లు. చిన్నా పెద్దా పట్టకార్లు. వెలిగారం అరగదీసి అరగదీసి మధ్యలో గుంత పడిన నల్లరాయి. ఆ వెలిగారం నీళ్లు అతుకు మీద పూయడానికి వాడిన కోడి ఈకలు. గురివింద గింజల డబ్బా. అన్నిటికీ అడుగున, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితంలో చుట్టిన చిన్న పొట్లం. విప్పితే నువ్వుగింజలో సగం ఉండే పసుపుపచ్చని పలుకులు కొన్ని ఉన్నాయి. అతుకులోకి కరిగించే బంగారు టంకం.

"అది మాత్రం అట్లనే ఉండనీ. అది వేరేవాళ్లది" అంది వదిన.

ఎవరిదో నాకూ తెలుసు. మాధవరం వైపు నుంచి వచ్చిన ఒకామె తాళిబొట్టు కోసం ఆయన ప్రత్యేకంగా చేసిపెట్టిన టంకం అది. ఆమె తిరిగి రాలేదు. పొట్లాన్ని మళ్లీ చుట్టి అడుగునే పెట్టేశాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఆచారన్నా అని పిలిచాను కాబట్టి ఆయన భార్య వదిన అయింది. మా శాఖా గ్రంథాలయం వెనక సందులో ఆయన ఇల్లు. మధ్యాహ్నం గ్రంథాలయం మూసేస్తే మళ్లీ సాయంత్రానికి గానీ తెరవరు. మగ్గం పని లేని రోజుల్లో ఆ మధ్యకాలమంతా నేను ఆయన పంచలో కూర్చునేవాణ్ణి. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా ఆ గ్రంథాలయంలోనే. కథల బీరువా అయిపోయాక చరిత్ర పట్టుకున్నాను, చరిత్ర అయిపోయాక విజ్ఞానశాస్త్రం. ఈ సంగతి చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు. అందుకేనేమో ఆయన నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు. "ఏమప్పా పుస్తకాలు, ఈ పొద్దు ఏం తెచ్చినావు" అనేవాడు.

నేను చదువుతుంటే ఆయన వినేవాడు. వినక తప్పేది కాదు కూడా. ఊదుగొట్టం నోట్లో ఉన్నప్పుడు కంసాలి మాట్లాడలేడు. బుగ్గల నిండా గాలి పట్టి, ఆ గాలిని బుగ్గలతోనే నెడుతూ, అదే సమయంలో ముక్కుతో ఊపిరి తీసుకునేవాడు. దీపం మంట పక్కకు వంగి సూదిలా సాగి, వస్తువు మీద నిలిచేది. ఒక్కసారి కూడా వణికేది కాదు. టంకం కరిగి పారేదాకా గొట్టం నోటి నుంచి తీయకూడదు. కాబట్టి సరిగ్గా ఆయన గొట్టం అందుకోగానే నేను పుస్తకం తెరిచేవాణ్ణి. నచ్చితే రెండు కనుబొమ్మలూ పైకి పోయేవి. నచ్చకపోతే ఎడమ కనుబొమ్మ ఒక్కటే పోయేది. పని అయ్యి, వస్తువును చింతపండు నీళ్లలో వేసి, అది చుయ్యిమన్నాక, గొట్టం తీసి మొదటి నుంచీ వరసగా ఎదురు చెప్పేవాడు.

ఒకసారి ఈజిప్టు సమాధుల గోడల మీద కంసాలుల బొమ్మలు ఉన్నాయనీ, పొడుగాటి గొట్టాలతో నిప్పును ఊదుతున్నట్టు గీశారనీ చదివాను. పుస్తకంలో ఉన్న బొమ్మ కూడా చూపించాను. ఆయన పని ముగించి, బొమ్మను వాకిలి వెలుతురుకు పెట్టి చూసి, "ఇది గీసినోనికి పని తెల్దు. అంత దూరం కూసోని ఊదితే బొగ్గు గూడ అంటుకోదు. కంసాలి వీనికి ఏదో వస్తువు ఆలీసెంగ ఇచ్చినాడు, ఆ కోపంతో గీసినాడు" అన్నాడు.

జొన్నగిరిలో బంగారం తవ్వుతారని పేపరులో వచ్చినప్పుడు అదీ చదివాను. "తవ్వనీ. తవ్విందంతా యాడో ఒక సోట తెగుతుంది. తెగినప్పుడు నా పంచకే వస్తుంది" అన్నాడు.

పని గురించి ఆయన చెప్పిన మాటలు తక్కువ. చెప్పినవి చాలాసార్లు చెప్పాడు. అందులో ఒకటి, "టంకానికి మంట సూపొద్దు, వస్తువుకు సూపు" అనేది. కొత్తగా పని నేర్చేవాళ్లు మంటను నేరుగా టంకం మీద పెడతారట. అప్పుడది ముద్దగా కరిగి, ఉన్నచోటే ఉండలా నిలుచుంటుంది తప్ప అతుకులోకి పోదు. రెండు ముక్కలూ చుట్టూ సమంగా వేడెక్కాలి. అవి సరైన ఎరుపుకు వచ్చిన క్షణంలో, పక్కన ఊరికే పడున్న టంకం పలుకు తనంతట తానే మెరిసి, సందులోకి దూరిపోతుంది. నేను ఆ మెరుపు కోసమే కూర్చునేవాణ్ణి. రెప్ప వేస్తే కనపడదు.

ఇంకొకటి, పాత అతుకుల మర్యాద. ఒక వడ్డాణానికి ముందే పది అతుకులు ఉంటే, పదకొండోది పెట్టేటప్పుడు ఆ వేడికి పాతవి విడిపోవచ్చు. అందుకని వాటి మీద ఎర్రమన్ను నీళ్లలో కలిపి పూసేవాడు. "ముందు అతికినోడు ఎవురో ఏమో. వాని పని మనం సెడగొట్టకూడదు" అనేవాడు. చిన్న గుండ్లు జరగకుండా నిలపడానికి గురివింద గింజ అరగదీసి జిగురులా వాడేవాడు. గురివింద గింజలు తూకానికి మాత్రమే అనుకున్న నాకు అది కొత్త. ఆ సంగతి ఏ పుస్తకంలో ఉందో అని వెతికాను. దొరికినప్పుడు తీసుకెళ్లి చూపిస్తే, "పర్వాలే, ఈయన ఎవురో పని సూసినోడే" అని మెచ్చుకున్నాడు.

ఆయన ఎదురు చెప్పకుండా విన్నది ఒక్కసారే. ఆదోని బంగారు అంగళ్ల నుంచి వచ్చే పనికి చాలాకాలం కేడీఎం టంకమే వాడారు. తక్కువ వేడికే పారుతుంది, నగ మచ్చు, అంటే బంగారం నాణ్యం, తగ్గదు. అది పారేటప్పుడు పసుపు రంగు పొగ సన్నగా లేచేది. మూతి అక్కడే, ముక్కు అక్కడే. ఒక రసాయనశాస్త్ర పుస్తకంలో ఆ టంకంలో కలిపే కాడ్మియం గురించి, ఆ పొగ ఊపిరితిత్తులను ఏం చేస్తుందో రాసి ఉంటే చదివాను. ఆయన పని ముగించి గొట్టం తీశాడు.

"మళ్లొకసారి సదువు" అన్నాడు.

చదివాను.

"నా దగ్గుకు పేరు లేదనుకుంటి. ఉందన్నమాట" అన్నాడు.

మరుసటి వారం గోడకు కిటికీ పెట్టించాడు. గాలికి మంట ఊగుతోందని నూనె డబ్బా రేకు కోసి దీపానికి అడ్డం వంచాడు. కొన్నాళ్లకు ఆ టంకమే మానేశాడు. బంగారంలో రాగి, వెండి కలిపి పాత పద్ధతిలో టంకం చేసుకోవడం మళ్లీ మొదలుపెట్టాడు. అంగళ్ల పని తగ్గిపోయింది. తెగినవి అతికించుకునే పల్లెవాళ్ల పని మిగిలింది. పుస్తకం ఇంకా ముందే నా చేతికి వచ్చి ఉండాల్సింది. అప్పటికే దగ్గు లోపల స్థిరపడిపోయింది.

పల్లెల నుంచి వచ్చేవాటిలో ఎక్కువ తాళిబొట్లే. కూలిపనిలో, బిడ్డలు పట్టి గుంజడంలో అవి తెగుతాయి. వాటికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బొట్టును మెడ నుంచి తీసి నిప్పు మీద పెట్టేముందు వదిన ఆమె మెడకు పసుపుతాడుతో పసుపుకొమ్ము కట్టేది. గుమ్మం పక్క గూట్లో కొమ్ములూ దారాలూ ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. అది కట్టందే ఆయన బొట్టు ముట్టేవాడు కాదు. ఎంత తొందరలో ఉన్నవాళ్లయినా సరే.

మాధవరం వైపు ఆమె వచ్చింది చివరి పత్తి ఆదోని మార్కెట్టుకు పోతున్న రోజుల్లో. మధ్యాహ్నం, నేను పంచలోనే ఉన్నాను. ఆయన ఏదో కాలిగొలుసుకు టంకం పెట్టబోతూ గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. ఆమె మెట్టు దగ్గరే ఆగింది. ఒక చేతిలో గుడ్డసంచి, రెండో చెయ్యి పైట కింద గొంతు దగ్గర పిడికిలి బిగించి ఉంది.

"అప్పా, బొట్టు ఊగుతాంది. కర్నూలు బస్సు ఎక్కల్ల నేను. అంతలోపల గట్టిగ చేసిస్తావా?"

"తీసియ్యమ్మా, సూస్తాను." లోపలికి తిరిగి, "ఏమే, పసుపుకొమ్ము తే" అన్నాడు.

"పసుపుకొమ్ము వద్దప్పా. మేము చర్చికి పోయేటోళ్లం. అది కట్టుకోను. ఇది గూడ తీయను."

"తీయకుంటే ఎట్ల తల్లీ? నీ మెడ మీద నిప్పు పెట్టల్లనా?"

వదిన బయటికి వచ్చి, ఆమెను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి అడిగితే చెప్పింది. భర్త పత్తి ట్రాక్టరు మీద నుంచి పడ్డాడు. తలకు దెబ్బ. ఆదోనిలో చూసి కర్నూలుకు పంపించారు. తెల్లారితే ఆపరేషన్. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి ఇప్పుడు పోతోంది.

"ఆయన ఆడ అట్ల పండుకోనుంటే, నేను దీన్ని మెడలో నుంచి ఎట్ల తీసేది సెప్పక్కా?" అని వదినను అడిగింది.

వదిన ఆయన వైపు చూసింది. ఆయన ఆమెను దగ్గరికి రమ్మని, ముందుకు వంగమని, బొట్టు చూశాడు. చిన్న బిళ్ల, మధ్యలో సన్నగా చెక్కిన శిలువ. దారం దూరే కొండి ఒక పక్క ఊడి, ఇంకో పక్క బూడిదరంగు మరక లాంటి దాని మీద వేలాడుతోంది.

"ఇది ఎవురు పెట్టినారు?"

"మా ఊరి కాడ సెల్లుఫోన్లు రిపేరు చేసేటాయన."

"సెల్లుఫోన్లు" అన్నాడు ఆయన.

"అప్పుడు గూడ నేను తీయనంటి. మెడలో ఉండంగనే పెట్టినాడు. మా ఆయన కింద తడిగుడ్డ పెట్టి ఏళ్లతో పట్టుకున్యాడు."

"మెడ కాల్లేదా?"

"నాకేం కాల్లేదప్పా. ఆయన ఏలు కాలి బొబ్బ లేసింది. ఆ పొద్దంతా నవ్వుకుంటిమి" అని, నవ్విన సంగతి చెప్పినందుకేమో, తల దించుకుంది.

సెల్లుఫోన్లకు పెట్టేది సీసమూ తగరమూ కలిసిన టంకం. చిన్న వేడికే కరుగుతుంది కాబట్టి మెడలో ఉండగానే పెట్టగలిగారు. కానీ అది ఉన్న బంగారాన్ని మళ్లీ మంట మీద పెడితే సీసం బంగారంలోకి దిగి, తొలిచి, గుంతలు పెడుతుంది. ఇది నేను చదివినదే. ఆయన కళ్లారా చూసినది. సీసం తగిలిన ఆకురాయిని కూడా పెట్టెలో ఉంచేవాడు కాదు. అంటే ఆ బొట్టును తీయాలి, సీసమంతా గీకాలి, అప్పుడు నిప్పు చూపాలి. ఆమె తీయనంటోంది. బస్సు దగ్గరపడుతోంది. ఆ పలుచని సీసం మీద బొట్టు కర్నూలు దాకా నిలవదని చూస్తేనే తెలుస్తోంది. దారిలో బస్సులో ఎక్కడో రాలిపడితే ఆమె ఏమనుకుంటుందో ముగ్గురికీ తెలుసు.

ఆయన చేతిలోని ఊదుగొట్టాన్ని ఒకసారి తిప్పి చూసి, పక్కన పెట్టేశాడు.

"మీరు మగ్గం మీద పడుగు అయిపోతే కొత్త పడుగును ఎట్ల అతుకుతారప్పా?" అని నన్ను అడిగాడు.

"పాత పోగు కొన, కొత్త పోగు కొన ఏళ్ల మధ్య పెట్టి పురి పెడతామన్నా. కొంచెం బూడిద అద్దుకుంటాం."

"ముడి ఎయ్యరు."

"ముడి ఏస్తే అచ్చు పళ్లలో పట్టుకుంటుంది."

రెండు కనుబొమ్మలూ పైకి పోయాయి. పెట్టెలో నుంచి ముక్కుపుడకల పనికి తీసిన వెంట్రుక లాంటి బంగారు తీగ వెతికాడు. ఆమెను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, దారం వచ్చినంత మేర బొట్టును చిన్న దాగలి దిమ్మె మీదికి తెప్పించాడు. వదిన ఆమె మెడ దగ్గర దారం పట్టుకుంది. నన్ను అద్దం ఇచ్చి వీధిలో నిలబెట్టాడు, ఎండను ఆ బొట్టు మీదికి తిప్పడానికి. చేతి బరమాతో బిళ్ల అంచున సూదిమొన అంత రంధ్రం పెట్టబోయి ఆగాడు. ఆమె ఊపిరికి బొట్టు కదులుతోంది.

"అమ్మా, ఊపిరి బిగబట్టొద్దు. ముక్కుతో తీసుకో. బుగ్గల నిండ పెట్టుకోని మెల్లగ వదులు. తొందరేం లేదు."

తన బుగ్గలు ఉబ్బించి చూపించాడు. ఆమె కూడా ఉబ్బించింది. ఇంకో సమయంలో అయితే నాకు నవ్వు వచ్చేది. కాసేపటికి బొట్టు కదలడం ఆగింది. ఆయన రంధ్రం పెట్టి, తీగ దూర్చి, కొండి చుట్టూ తిప్పి, సీసం మరక మీదుగా తెచ్చి, కొనలు రెండూ పట్టకారుతో పురి పెట్టాడు. గుచ్చుకోకుండా ఆ పురిని లోపలికి మడిచి, గోరుతో తడిమి చూసి, వదిలాడు.

"ఇది పని గాదు తల్లీ, కట్టు. నీ మొగుడు లేసి నడిసినాక ఇద్దరూ రాండి. ఆయన చేత్తోనే తీపిచ్చి, ఈ సీసమంతా గీకి, బంగారు టంకం పెడతా. అప్పుడు పని అయినట్టు."

"వస్తామప్పా" అంది ఆమె. వదిన ఆమె వెంట పోయి బస్సు ఎక్కించి వచ్చింది.

మర్నాడే ఆయన ఆ టంకం చేశాడు. ఆ బొట్టు బంగారం కొంచెం ఎరుపు తిరిగినదట. చూసిన రంగు మరిచిపోకముందే రాగి పాలు సరిచూసుకోవాలన్నాడు. కరిగించి, రేకు తీసి, పలుకులు కత్తిరించి, పొట్లం కట్టి పెట్టె అడుగున పెట్టాడు.

ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్లినా ఏదో ఒక మాటలో ఆ సంగతి తెచ్చేవాడు. ఆమె భర్త బతికాడా లేదా అని మాత్రం ఎప్పుడూ అనలేదు. "ఆ తీగ నిలిచిందో లేదో" అనేవాడు. వానలు వచ్చాయి, పోయాయి, మళ్లీ పత్తి వచ్చింది. ఆమె రాలేదు. మాధవరం వైపు పోయి విచారిస్తానని ఒకసారి అన్నాను. ఊరి పేరైనా అడగలేదు మేము. సెల్లుఫోన్ల రిపేరు అంగడి ఉన్న ఊరు అని వెతకవచ్చు కదా అన్నాను.

"వద్దులేప్పా. రాలేదు, అంతే. అంతవరకే ఉండనీ" అన్నాడు.

చివరి నెలల్లో ఊదడం మానేశాడు. తర్వాత మాటలూ తగ్గాయి. రెండు మాటలకే ఆయాసం. నేను మంచం పక్కన కూర్చుని చదివేవాణ్ణి, కనుబొమ్మలు జవాబు చెప్పేవి. పోవడానికి ముందు ఒక సాయంత్రం నేను లేవబోతుంటే చెయ్యి ఎత్తాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, తీగకు పురి పెట్టినట్టు తిప్పి, నా ముఖంలోకి చూశాడు.

"నిలిచే ఉంటుందన్నా" అన్నాను.

ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి పోయింది.

మొన్న నూలు పని మీద ఆదోని వెళ్లి తిరిగి వస్తున్నాను. బస్సు నిండుగా ఉంది. నా ముందు సీటులోని ఆమె సంచి పైన పెట్టడానికి లేచి చేతులు ఎత్తినప్పుడు, మెడలోని దారం ముందుకు వచ్చి వేలాడింది. చిన్న బిళ్ల, శిలువ, బూడిదరంగు మరక, దాని మీద లోపలికి మడిచిన బంగారు పురి. ముఖం కంటే ముందు దాన్నే గుర్తుపట్టాను. పక్కన కిటికీ దగ్గర ఒకాయన కూర్చుని ఉన్నాడు. చెవి పైన వెంట్రుకలు మొలవని పొడుగాటి మచ్చ, మోకాళ్ల మధ్య చేతికర్ర.

"అమ్మా, ఎమ్మిగనూరులో ఆచారి కట్టిన తీగ గదా అది?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "అద్దం పట్టుకోని నిలబడిండేది నువ్వే గదన్నా" అంది. భర్తకు చెప్పింది. ఆయన ఎంతో సంతోషపడి, "పోదాం పోదాం అని నేను సెప్తానే ఉండాను. ఇది వస్తే గదా" అన్నాడు.

"పోతే తీయల్ల గద. తీయబుద్ధి కాలేదు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంట ఉండిపోతి" అంది ఆమె. "బాగుండాడా ఆయన?"

"పోయినాడమ్మా. రెండు నెలలైంది."

ఆమె బొట్టును పిడికిట్లో పట్టుకుంది. "మరి ఇంగ దానికి టంకం ఎవురు పెడతారు?" అన్నాడు భర్త.

"ఎవురికీ ఇయ్యను. ఇట్లనే ఉంటుంది" అని, బొట్టును రవికెలోకి వేసుకుంది.

బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా ఆ సందులోకి వెళ్లాను. వదిన పంచలో, ఆయన కూర్చునేచోటికి కొంచెం ఎడంగా, చేటలో కందులు చెరుగుతోంది. బస్సులో ఆమె కనపడిందని చెప్పాను. చేట ఆగింది. వదిన కూడా ముందు తీగ సంగతే అడిగింది.

"తీగ నిలిచిందా?" అంది.

"నిలిచింది వదినా. మొగుడు పక్కనే కూసోనున్నాడు. కట్టె పట్టుకోని నడుస్తాడంట."

"టంకం?"

"అక్కర్లేదంట. అట్లనే పెట్టుకుంటుందంట."

వదిన చేట దించి లోపలికి వెళ్లింది. పెట్టె తెరిచిన చప్పుడు, సామాన్లు జరిపిన చప్పుడు వినిపించాయి. పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"రేపు ఆదోనికి పోయేవాళ్లుంటే మావానికి పంపీప్పా. మిషన్లున్నా చేత్తో అతికేది ఏదన్నా వస్తే, ఇంగ దీన్ని ఎవురికన్నా పెట్టొచ్చని సెప్పు" అంది.